స్వేచ్ఛ, సమానత్వం: అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉంటున్న మనవాళ్ళ ఇళ్ళలో ఈ దేశపు స్వేచ్ఛ, సమానత్వం గురించి వచ్చే సందేహాలు ఏళ్ళు గడిచినా పెద్దగా మారడం లేదు. ఎమ్మెస్ చదవడానికి వచ్చిన కుర్రాడికి ఒక అనుమానం, బడికెళ్ళే పిల్ల తల్లికి ఒకటి, గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నవాళ్ళకి మరొకటి. అవన్నీ ఒకచోట చేర్చి, ఎవరు ఏ దశలో ఉంటే ఆ భాగానికి నేరుగా వెళ్ళేలా పెట్టాను. ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది. చట్టాలు మారుతుంటాయి కాబట్టి మీ సొంత కేసు విషయంలో న్యాయవాదిని తప్పకుండా కలవండి.

## వచ్చిన కొత్తలో

నేను వీసా మీద ఉన్నాను, పౌరుణ్ణి కాదు. రాజ్యాంగ హక్కులు నాకూ ఉంటాయా?

చాలావరకు ఉంటాయి. అమెరికా రాజ్యాంగంలో కొన్ని హక్కులు పౌరులకే పరిమితం. ఎక్కువ హక్కులు మాత్రం ‘ఏ వ్యక్తికైనా’ వర్తిస్తాయి. చట్టం ముందు సమాన రక్షణ ఈ రెండో రకం.

దీన్ని తేల్చింది 1886 నాటి యిక్ వో కేసు. చెక్క భవనాల్లో లాండ్రీ నడపాలంటే అనుమతి తీసుకోవాలని శాన్‌ఫ్రాన్సిస్కో నగరం నిబంధన పెట్టింది. కాగితం మీద అది అందరికీ ఒకటే. అమలుకొచ్చేసరికి దాదాపు 200 మంది చైనీయుల దరఖాస్తులు తిరస్కరించారు. చైనీయులు కాని సుమారు 80 మందిలో మాత్రం ఒక్కరికి తప్ప అందరికీ అనుమతి ఇచ్చారు. ఆ రోజుల్లో చైనీయులకు పౌరసత్వం పొందే దారే లేదు. అయినా సుప్రీం కోర్టు వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. చట్టం చదవడానికి నిష్పక్షపాతంగా కనిపించినా, అమలు వివక్షతో ఉంటే అది చెల్లదని చెప్పింది. లాండ్రీ నడుపుకునేవాళ్ళు తెచ్చిపెట్టిన ఆ రక్షణ ఈరోజు మీకూ వర్తిస్తుంది.

ఓటు వేయడం, జ్యూరీలో కూర్చోవడం పౌరుల పని. వీసా ఇవ్వడం, రద్దు చేయడం మాత్రం ప్రభుత్వానికి చాలా విస్తృతమైన అధికారం ఉన్న విషయం. 2025లో రాజకీయ అభిప్రాయాలు వ్యక్తం చేసిన కొందరు విదేశీ విద్యార్థుల వీసాలు రద్దయ్యాయి. వాటి మీద కోర్టుల్లో కేసులు నడిచాయి. హక్కు ఉండడం వేరు, దాన్ని నిలబెట్టుకోవడానికి కోర్టు దాకా వెళ్ళాల్సి రావడం వేరు. వీసా మీద ఉన్నవాళ్ళు ఈ తేడా గుర్తు పెట్టుకోవాలి.

వాక్ స్వాతంత్ర్యం ఉంది కదా, ఫేస్‌బుక్‌లో ఏం రాసినా ఉద్యోగానికి ఢోకా ఉండదా?

ఉంటుంది. 1791లో ఆమోదం పొందిన రాజ్యాంగ మొదటి సవరణ కట్టడి చేసేది ప్రభుత్వాన్ని. మీ మాటల కోసం ప్రభుత్వం మిమ్మల్ని శిక్షించకూడదు, అంతే. ప్రైవేటు కంపెనీ మీ పోస్టు నచ్చక ఉద్యోగంలోంచి తీసేస్తే రాజ్యాంగం అడ్డు రాదు, చాలా రాష్ట్రాల్లో చట్టమూ అడ్డు రాదు. ప్రభుత్వ ఉద్యోగులకు కొంత ఎక్కువ రక్షణ ఉంది.

ఇక్కడ ద్వేషంతో మాట్లాడినా ఊరుకుంటారట. అది మనకు ప్రమాదం కాదా?

ఊరుకుంటారన్నది చాలావరకు నిజం. 1969లో బ్రాండెన్‌బర్గ్ కేసులో సుప్రీం కోర్టు, అప్పటికప్పుడు హింస జరిగేలా రెచ్చగొట్టి, అది జరిగే అవకాశం కూడా ఉంటే తప్ప మాటను శిక్షించకూడదని చెప్పింది. ఆ కేసులో గెలిచింది తెల్లజాతి ఆధిపత్యం కోరే కు క్లక్స్ క్లాన్ అనే ముఠా నాయకుడు. వినడానికి కష్టంగానే ఉంటుంది. కానీ ఫలానా మాట ప్రమాదకరం అని తేల్చే అధికారం ప్రభుత్వం చేతిలో ఉన్న కాలంలో, దక్షిణాది రాష్ట్రాలు ఆ అధికారాన్ని పౌరహక్కుల కార్యకర్తల మీదే వాడాయి. అందుకే నేను ఈ సూత్రం వైపే ఉంటాను.

మాట దాటి చేత వరకు వస్తే చట్టం వేరు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఒలాతేలో, ఒక బార్‌లో కూర్చున్న ఇద్దరు తెలుగు ఇంజనీర్ల మీద ఒకడు ‘మా దేశం నుంచి పొండి’ అంటూ కాల్పులు జరిపాడు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరు చనిపోయాడు. అడ్డుకోబోయిన స్థానిక అమెరికన్ కూడా తూటా తిన్నాడు. కాల్చినవాడికి రాష్ట్ర కోర్టులోనూ, ద్వేష నేరం కింద ఫెడరల్ కోర్టులోనూ జీవిత ఖైదు పడింది. బెదిరింపు, వెంటపడడం, దాడి ఏవీ వాక్ స్వాతంత్ర్యం కిందికి రావు. అలాంటిది జరిగితే మొదట 911, ఆ తర్వాత ఎఫ్‌బిఐకి కూడా ఫిర్యాదు చేయవచ్చు.

పోలీసులు కారు ఆపితే నాకున్న హక్కులేమిటి?

బండి నడుపుతున్నవారు లైసెన్సు, ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషన్ చూపించాలి. చేతులు స్టీరింగ్ మీద కనపడేలా ఉంచండి. మిగతా ప్రశ్నలకు జవాబు చెప్పకుండా మౌనంగా ఉండే హక్కు 5వ సవరణ ఇచ్చింది. కారు వెతకడానికి ఒప్పుకుంటారా అని అడిగితే మర్యాదగా ‘ఒప్పుకోను’ అనవచ్చు, అది 4వ సవరణ. మీ మాట కాదని వెతికితే అక్కడ పెనుగులాడవద్దు, వాదన కోర్టులో పెట్టుకోవాలి. నేర కేసులో అరెస్టయి లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే, నేరారోపణ జైలుకు దారి తీసేదైతే, ప్రభుత్వమే లాయరును ఇవ్వాలి. ఇది 1963 నాటి గిడియన్ తీర్పుతో మొదలైంది. ఇమిగ్రేషన్ కోర్టులో మాత్రం ఆ సౌకర్యం లేదు.

## పిల్లలు బడికి వెళ్ళడం మొదలయ్యాక

మా పాప రోజూ బడిలో జెండాకి ప్రతిజ్ఞ చెప్పాలట. చెప్పకపోతే ఏమైనా అంటారా?

అనడానికి లేదు. రెండో ప్రపంచ యుద్ధం నడుమ, 1943 జూన్ 14న, సరిగ్గా జెండా దినోత్సవం నాడే సుప్రీం కోర్టు ఈ తీర్పు ఇచ్చింది. వెస్ట్ వర్జీనియాలో యెహోవా సాక్షుల మతానికి చెందిన పిల్లలు జెండాకు వందనం చేయడం తమ విశ్వాసానికి విరుద్ధమన్నారు. బడి వాళ్ళను బయటకు పంపింది. జస్టిస్ రాబర్ట్ జాక్సన్ రాసిన తీర్పు సారం ఇది: రాజకీయాల్లో, దేశభక్తిలో, మతంలో ఏది సరైన అభిప్రాయమో నిర్ణయించే అధికారం ఎంత పెద్ద అధికారికైనా, ఎంత చిన్న అధికారికైనా లేదు. మూడేళ్ళ ముందే, 1940లో, ఇదే కోర్టు దీనికి పూర్తి వ్యతిరేకంగా చెప్పింది. తన తీర్పును తానే కొట్టేసుకుంది.

పాపకి చెప్పాలనిపిస్తే చెప్పనివ్వండి, లేదంటే నిశ్శబ్దంగా కూర్చోవచ్చు. ఇది ప్రభుత్వ బడులకు వర్తిస్తుంది, ప్రైవేటు బడులకు కాదు.

‘మనుషులంతా సమానులుగా సృష్టించబడ్డారు’ అని రాసినాయనే బానిసల్ని ఉంచుకున్నాడట కదా? మా అబ్బాయి అడిగితే ఏం చెప్పాలి?

నిజమే అని చెప్పండి. థామస్ జెఫర్సన్ జీవితకాలంలో 600 మందికి పైగా మనుషుల్ని బానిసలుగా ఉంచుకున్నాడు. 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటన ముసాయిదాలో బానిస వ్యాపారాన్ని ఖండిస్తూ ఆయనే ఒక భాగం రాశాడు. కాంగ్రెస్ దాన్ని కొట్టేసింది. 1787లో రాసిన రాజ్యాంగంలో ‘బానిస’ అనే పదమే కనపడదు గానీ, బానిసత్వాన్ని కాపాడే నిబంధనలున్నాయి. ప్రతినిధుల సంఖ్య లెక్కించేటప్పుడు బానిసల్ని అయిదింట మూడు వంతులుగా లెక్కపెట్టారు. 1808కి ముందు బానిసల దిగుమతిని నిషేధించకూడదన్నారు. పారిపోయినవాళ్ళను తిరిగి అప్పగించాలన్నారు.

అయితే కథ రాసినవాళ్ళ దగ్గర ఆగిపోలేదని కూడా అబ్బాయికి చెప్పండి. ఆ వాక్యాన్ని తరువాతి కాలంలో ఎవరు పట్టుకున్నారో చూడాలి. 1848లో న్యూయార్క్ రాష్ట్రం సెనెకా ఫాల్స్‌లో ఎలిజబెత్ కేడీ స్టాంటన్, ఆమె సహచరులు అదే ప్రకటనను తీసుకుని ‘పురుషులు, స్త్రీలు అంతా సమానులు’ అని తిరగరాశారు. 68 మంది స్త్రీలు, 32 మంది పురుషులు సంతకాలు చేశారు. ఆ కోరికల్లో ఒకటైన ఓటు హక్కు రావడానికి 1920 దాకా పట్టింది. 1852 జూలై 5న, బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ రాచెస్టర్‌లో నిలబడి, ఈ జూలై నాలుగు మీది, నాది కాదు అన్నాడు. అదే ప్రసంగంలో ఆ ప్రకటనలోని సూత్రాలు మాత్రం ప్రాణప్రదమైనవని కూడా అన్నాడు. 1963లో మార్టిన్ లూథర్ కింగ్ ఆ ప్రకటనను, రాజ్యాంగాన్ని కలిపి దేశం రాసిచ్చిన ప్రోనోటు అన్నాడు, నల్లజాతి పౌరుల విషయంలో ఆ నోటు చెల్లలేదన్నాడు.

నా అభిప్రాయం చెబుతాను. ఆ వాక్యం గొప్పతనం జెఫర్సన్‌ది అనుకోను. తమను మినహాయించి రాసిన వాక్యాన్ని తమదిగా చేసుకుని, దేశం చేత మళ్ళీ మళ్ళీ ఒప్పించినవాళ్ళది. పిల్లలకు ఈ రెండు సగాలూ చెప్పాలి. ఒక సగమే చెబితే గుడ్డి ఆరాధనో, తేలిక నిరసనో మిగులుతుంది.

అసలు అమెరికా రాజ్యాంగంలో సమానత్వం ఎక్కడ ఉంది?

1787 నాటి మూలంలో మనుషుల మధ్య సమానత్వం అనే హామీ లేదు. అది అంతర్యుద్ధం తర్వాత, 1868లో, 14వ సవరణతో వచ్చింది. 1865 నాటి 13వ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది, 1870 నాటి 15వ సవరణ జాతి కారణంగా ఓటు నిరాకరించకూడదంది. ఈ మూడూ కలిసి దేశాన్ని రెండోసారి స్థాపించాయని చరిత్రకారులు అంటారు.

కాగితం మీద ఉన్నంత మాత్రాన సరిపోలేదు. 1896లో ప్లెసీ కేసులో సుప్రీం కోర్టు, నల్లవారికి, తెల్లవారికి రైలు పెట్టెలు వేరు చేసినా సమానమేనంటూ వివక్షకు ముద్ర వేసింది. 1954 మే 17న బ్రౌన్ కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా బడుల్లో ఆ విధానాన్ని కొట్టేశారు. మధ్యలో 58 ఏళ్ళు పోయాయి.

మన రాజ్యాంగంలోని 14వ అధికరణంలో ఉన్న ‘చట్టాల సమాన రక్షణ’ ఈ అమెరికన్ సవరణ నుంచే వచ్చింది. అంబేడ్కర్ 1913 నుంచి 1916 వరకు న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. ఇక్కడి నల్లజాతీయుల పోరాటాన్ని ఆయన దూరం నుంచి కూడా గమనిస్తూనే ఉన్నారు. 1946లో నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబోయ్స్‌కు ఉత్తరం కూడా రాశారు.

జూన్‌టీన్త్ సెలవు దేనికి?

1865 జూన్ 19న టెక్సస్‌లోని గాల్వెస్టన్‌లో బానిసలకు స్వేచ్ఛ వచ్చిందని సైన్యం ప్రకటించిన రోజు. లింకన్ విముక్తి ప్రకటన 1863 జనవరి 1న అమలులోకి వచ్చింది. అంటే రెండున్నరేళ్ళు ఆలస్యంగా చేరింది. 2021 నుంచి ఫెడరల్ సెలవు.

## గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్నప్పుడు

ఒకప్పుడు భారతీయులకు అమెరికా పౌరసత్వం ఇచ్చేవాళ్ళు కాదట, నిజమేనా?

నిజం. 1790 నాటి చట్టం పౌరసత్వాన్ని ‘స్వేచ్ఛ గల తెల్లవారికి’ పరిమితం చేసింది. 1870లో ఆఫ్రికన్ మూలాల వాళ్ళను చేర్చారు, ఆసియావాళ్ళు బయటే ఉండిపోయారు. పంజాబ్ నుంచి వచ్చిన భగత్ సింగ్ థిండ్ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. పౌరసత్వం అడిగాడు. ఆయన వాదన, తాను ఉన్నత కులానికి చెందిన ఆర్యుణ్ణి కాబట్టి తెల్లవాడినేనని. 1923 ఫిబ్రవరి 19న సుప్రీం కోర్టు, సామాన్యుడి దృష్టిలో మీరు తెల్లవారు కారు అంది. మూడు నెలల ముందే ఇదే కోర్టు జపాన్ నుంచి వచ్చిన ఒజావాకు వేరే కొలత చూపించి కాదంది. థిండ్ తీర్పు తర్వాత, అప్పటికే పౌరులైన కొందరు భారతీయుల పౌరసత్వాన్ని కూడా ప్రభుత్వం వెనక్కి తీసుకుంది.

ఆ కేసు గురించి చదివిన ప్రతిసారీ నాకు బాధ రెండు రకాలుగా కలుగుతుంది. కోర్టు చేసింది అన్యాయం. థిండ్ కూడా ఆ గోడ ఎందుకుందని ప్రశ్నించలేదు, కులం పేరు చెప్పి గోడకు ఇవతలి వైపు తనకు చోటిమ్మన్నాడు.

1946లో లూస్–సెల్లర్ చట్టం భారతీయులకు పౌరసత్వం తెరిచింది, ఏడాదికి 100 మంది వలసదారులకు మాత్రం అవకాశమిచ్చింది. ఆ దారిలో 1949లో పౌరుడైన దలీప్ సింగ్ సౌంద్ 1956లో కాలిఫోర్నియా నుంచి కాంగ్రెస్‌కు ఎన్నికయ్యాడు.

నల్లజాతీయుల పౌరహక్కుల ఉద్యమంతో మనకేం సంబంధం? మనం ఆ తర్వాత కదా వచ్చాం?

ఆ ఉద్యమం వల్లే వచ్చాం. తేదీలు వరసగా పెట్టి చూడండి. 1964 జూలై 2న పౌరహక్కుల చట్టం వచ్చింది. 1965 మార్చి 7న అలబామాలోని సెల్మాలో, ఎడ్మండ్ పెటస్ వంతెన మీద, ఓటు హక్కు కోసం నడుస్తున్నవాళ్ళను పోలీసులు లాఠీలతో, బాష్పవాయువుతో కొట్టారు. తల పగిలినవాళ్ళలో ఉద్యమ నాయకుడు, పాతికేళ్ళ జాన్ లూయిస్ ఒకడు. ఆ ఏడాదే ఆగస్టు 6న ఓటు హక్కుల చట్టం వచ్చింది. రెండు నెలలు తిరగకముందే, అక్టోబరు 3న, స్వేచ్ఛా విగ్రహం పాదాల దగ్గర కూర్చుని అధ్యక్షుడు లిండన్ జాన్సన్ కొత్త వలస చట్టం మీద సంతకం చేశాడు. పుట్టిన దేశాన్ని బట్టి, ఉత్తర ఐరోపావాళ్ళకు పెద్ద వాటా ఇచ్చే పాత కోటాలు రద్దయ్యాయి. ఏడాదికి వందమందికి తెరిచిన తలుపు కాస్తా వేలమందికి తెరుచుకుంది.

ఇవి పక్కపక్కన జరగడం కాకతాళీయం కాదు. సొంత పౌరుల మధ్య జాతి వివక్ష తప్పని ఒప్పుకున్న దేశం, రేవులో అదే వివక్షను నిలబెట్టుకోలేకపోయింది. మనుషులు కూడా వాళ్ళే. బ్రూక్లిన్‌కు చెందిన ఇమాన్యుయెల్ సెల్లర్ 1946 చట్టంలోనూ, 1965 వలస చట్టంలోనూ తన పేరు ఉన్న కాంగ్రెస్ సభ్యుడు. 1964 చట్టాన్ని ప్రతినిధుల సభలో నడిపిన న్యాయ కమిటీ అధ్యక్షుడు కూడా ఆయనే.

1970ల్లో గుంటూరు నుంచో, వరంగల్ నుంచో డాక్టర్లుగా, ఇంజనీర్లుగా వచ్చిన మొదటి తరం తెలుగువాళ్ళు ప్రతిభతో వచ్చారు, కాదనను. కానీ వాళ్ళకంటే ముందు తరంలోనూ ప్రతిభావంతులున్నారు, వాళ్ళకు తలుపు మూసి ఉంది. తెరిచినవాళ్ళలో సెల్మాలో దెబ్బలు తిన్నవాళ్ళున్నారు. మన సభల్లో, సంఘాల్లో ఈ మాట తరచు వినపడాలని నా కోరిక.

దేశానికి 7 శాతం అంటూ మనల్ని దశాబ్దాలు నిలబెట్టడం సమానత్వమేనా?

ఇక్కడ సమానత్వానికి రెండు అర్థాలు గుద్దుకుంటున్నాయి. ప్రస్తుత చట్టం ప్రకారం ఏడాదికిచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్ళకూ 7 శాతం మించకూడదు. ఉద్యోగాల ద్వారా ఇచ్చేవి ఏడాదికి సుమారు 1,40,000. దేశాలను సమానంగా చూడాలనేవారికి ఇది న్యాయం. మనుషుల్ని సమానంగా చూడాలనేవారికి అన్యాయం, ఎందుకంటే ఒకే కంపెనీలో, ఒకే పనిలో, ఒకే రోజు చేరిన ఇద్దరిలో ఐస్‌లాండ్‌లో పుట్టినవారికి తొందరగా కార్డు వస్తుంది, కరీంనగర్‌లో పుట్టినవారు క్యూలోనే ఉంటారు. లెక్కలోకి వచ్చేది పౌరసత్వం కాదు, పుట్టిన చోటు. పుట్టిన చోటును బట్టి వాటాలు వేయడం తప్పనే 1965లో కోటాలు తీసేశారు. ఈ పరిమితి ఆ చట్టం స్ఫూర్తికి ఎదురు నడుస్తోందని నేను నమ్ముతున్నాను. అన్నిటికంటే కష్టం పిల్లలది: తల్లిదండ్రుల వీసా మీద ఇక్కడే పెరిగి, 21 ఏళ్ళు నిండగానే ఆ హోదా కోల్పోతారు.

2019 జూలైలో ఈ పరిమితిని తీసేసే బిల్లును ప్రతినిధుల సభ 365–65 ఓట్లతో ఆమోదించింది. 2020 డిసెంబరులో సెనేట్ వేరే రూపంలో ఆమోదించింది. రెండూ కలవక చట్టం కాలేదు. అవతలి వాదన కూడా వినాలి: క్యూ అలాగే ఉంచి పరిమితి మాత్రమే తీసేస్తే మిగతా దేశాలవాళ్ళు ఏళ్ళ తరబడి ఆగాల్సి వస్తుందని వాళ్ళ భయం. మొత్తం సంఖ్య పెరగకుండా ఇది తేలదు.

ఇక్కడ పుట్టిన మా బిడ్డ పౌరురాలేనా? రద్దు చేస్తారంటున్నారే!

14వ సవరణ మొదటి వాక్యం, ఇక్కడ పుట్టి ఈ దేశ అధికార పరిధిలో ఉన్నవారంతా పౌరులే అంటుంది. 1898లో వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో, పౌరసత్వానికి అర్హత లేని చైనా దంపతులకు శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వ్యక్తి పౌరుడేనని సుప్రీం కోర్టు చెప్పింది. 2025 జనవరి 20న అధ్యక్షుడు ఇచ్చిన ఉత్తర్వు, తల్లి తాత్కాలిక వీసాపై ఉండి, తండ్రి పౌరుడో గ్రీన్‌కార్డు ఉన్నవాడో కాకపోతే ఆ బిడ్డను పౌరుడిగా గుర్తించవద్దంది. ఉత్తర్వు తేదీకి 30 రోజుల తర్వాత పుట్టిన పిల్లలకే ఇది ఉద్దేశించింది. కింది కోర్టులు వెంటనే అమలు ఆపాయి, వివాదం సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. అంతకుముందు పుట్టిన పిల్లలు దీని పరిధిలోకి రారు. ఇప్పుడు కాన్పు కోసం ఎదురుచూస్తున్న హెచ్-1బి దంపతులు ఆ నాటికి నిబంధన ఏమిటో ఇమిగ్రేషన్ లాయరును అడిగి తెలుసుకోండి, జనన ధ్రువపత్రం, మీ వీసా కాగితాలు జాగ్రత్తగా పెట్టుకోండి.

మన కులాల సంగతి అమెరికా చట్టానికి ఎందుకు?

మనం తెచ్చాం కాబట్టి. 1964 పౌరహక్కుల చట్టం ఉద్యోగాల్లో జాతి, రంగు, మతం, లింగం, జాతీయ మూలం ఆధారంగా వివక్ష చూపకూడదంటుంది. కులం పేరు అందులో లేదు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ కుల వివక్షను నిషేధించిన మొదటి అమెరికన్ నగరమైంది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఇలాంటి బిల్లు ఆమోదిస్తే, ఉన్న చట్టాలే చాలునంటూ గవర్నరు తిప్పి పంపాడు.

ఇలాంటి చట్టాలు హిందువులందరినీ అనుమానించేలా చేస్తాయని కొందరు మనవాళ్ళు నిజాయితీగానే బాధపడతారు. నేను వాళ్ళతో ఏకీభవించను. ఇంటిపేరు విని, ఊరు అడిగి, ఏ వాడ అని ఆరా తీసి, ఆ తర్వాత పలకరింపు మారిపోవడం మన విందుల్లో జరగడం లేదని ఎవరైనా అనగలరా? 1959లో మార్టిన్ లూథర్ కింగ్ భారతదేశం వచ్చినప్పుడు, తిరువనంతపురంలో దళిత విద్యార్థుల బడిలో ఆయనను అమెరికా నుంచి వచ్చిన తోటి అంటరానివాడు అని పరిచయం చేశారు. మొదట ఆయన మనసు నొచ్చుకుంది. కాస్త ఆలోచించి, అవును, నేను అంటరానివాణ్ణే అనుకున్నాడట. 1965 జూలై 4న అట్లాంటాలోని తన చర్చిలో స్వయంగా ఆయనే ఈ సంగతి చెప్పాడు. రెండు దేశాల సమానత్వపు ప్రశ్న ఒకటేనని ఆయన అప్పుడే గుర్తించాడు.

## పౌరసత్వానికి సిద్ధమవుతున్నప్పుడు

సివిక్స్ పరీక్ష మారిందట. అమ్మానాన్నలకు ఇంగ్లిష్ రాదు, ఎలా?

2025 అక్టోబరు 20న గానీ, ఆ తర్వాత గానీ దరఖాస్తు చేసినవారికి 128 ప్రశ్నల జాబితా నుంచి 20 వరకు అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. అంతకుముందు దరఖాస్తు చేసినవారికి పాత పద్ధతే: 100 ప్రశ్నల నుంచి 10 అడుగుతారు, 6 చెబితే చాలు.

పెద్దవాళ్ళకు వెసులుబాటు ఉంది. 50 ఏళ్ళు నిండి గ్రీన్‌కార్డు మీద 20 ఏళ్ళు, లేదా 55 నిండి 15 ఏళ్ళు ఉన్నవారికి ఇంగ్లిష్ పరీక్ష ఉండదు. దుబాసీని పెట్టుకుని సివిక్స్ ప్రశ్నలకు తెలుగులోనే జవాబు చెప్పవచ్చు. 65 నిండి 20 ఏళ్ళు ఉన్నవారికి 20 ప్రశ్నల చిన్న జాబితా చాలు, అందులోంచి 10 అడుగుతారు, 6 రావాలి. నాన్నగారికి జవాబులు బట్టీ పట్టించకుండా, ప్రతి ప్రశ్న వెనకున్న కథ తెలుగులో చెప్పి చూడండి, బాగా గుర్తుంటుంది.

ప్రమాణం చేస్తే భారతదేశంతో బంధం తెగిపోయినట్టేనా?

రాజకీయ విధేయత వదులుకుంటారు. ప్రమాణంలో ఆ మాట స్పష్టంగా ఉంది. భారత చట్టం కూడా ద్వంద్వ పౌరసత్వం ఒప్పుకోదు కాబట్టి భారత పాస్‌పోర్టు అప్పగించాలి. తర్వాత ఓసీఐ కార్డు తీసుకోవచ్చు. దాంతో రాకపోకలు, నివాసం సాగుతాయి గానీ ఓటు ఉండదు, వ్యవసాయ భూమి కొనడం కుదరదు. భాష, పండగ, ప్రేమ వదులుకోమని ఎవరూ అడగరు.

గ్రీన్‌కార్డు మీదే ఉన్నాను. లైసెన్సు ఆఫీసులో ఓటరుగా నమోదు చేస్తామంటే సరే అన్నాను. పర్వాలేదా?

వెంటనే ఇమిగ్రేషన్ లాయరును కలవండి, ఎన్నికల కార్యాలయానికి లాయరు ద్వారా రద్దు చేయమని రాయండి, ఓటు మాత్రం వేయకండి. 1993 చట్టం వల్ల లైసెన్సు కౌంటర్లో అందరినీ ఈ ప్రశ్న అడుగుతారు. అడిగినంత మాత్రాన అర్హత ఉన్నట్టు కాదు. పౌరుణ్ణని తప్పుగా చెప్పినా, ఫెడరల్ ఎన్నికల్లో ఓటు వేసినా నేరం, దేశం నుంచి పంపేసే ప్రమాదం కూడా ఉంది.

## పౌరులయ్యాక

జ్యూరీ నోటీసు వచ్చింది. తప్పించుకునే మార్గం ఉందా?

వాయిదా అడగవచ్చు, అనారోగ్యంలాంటి కారణాలుంటే మినహాయింపు కోరవచ్చు. కానీ వీలైతే వెళ్ళండి. అమెరికాలో ఒక సామాన్యుడికి ప్రభుత్వాధికారం నేరుగా చేతికొచ్చే చోటు అదే. అక్కడ మీ ఒప్పుకోలు లేకుండా ఒక మనిషిని శిక్షించలేరు. నల్లజాతీయులను జ్యూరీలోకి రానివ్వని చట్టాన్ని 1880లోనే సుప్రీం కోర్టు కొట్టేసినా, జాతిని చూసి ఒక్కొక్కర్నీ తప్పించే అలవాటు పోలేదు. 1986 నాటి బాట్సన్ తీర్పు ప్రభుత్వ న్యాయవాదులు అలా చేయకూడదని చెప్పింది. ముద్దాయి మన యాసలో మాట్లాడే మనిషైన రోజున, ఆ పన్నెండు మందిలో మన యాస తెలిసినవారు ఒకరుంటే బాగుండునని మనమే అనుకుంటాం. ఫెడరల్ కోర్టు రోజుకు 50 డాలర్లిస్తుంది. జ్యూరీకి వెళ్ళారని ఉద్యోగంలోంచి తీసేయకూడదు. పౌరులు కానివారికి పొరపాటున నోటీసు వస్తే పట్టించుకోకుండా ఉండవద్దు, పౌరుణ్ణి కానని ఫారంలో రాసి పంపాలి.

ఒక మనిషికి ఒక ఓటు అంటారు. ఇక్కడ అందరి ఓటుకీ ఒకే విలువ ఉందా?

లేదు. కాలిఫోర్నియాలో సుమారు 3.9 కోట్ల మంది, వయోమింగ్‌లో 6 లక్షల లోపు. ఇద్దరికీ చెరి ఇద్దరు సెనేటర్లు. అధ్యక్షుణ్ణి ఎన్నుకునే 538 ఎలక్టోరల్ ఓట్లలోనూ ఆ తేడా కొంత ఉంటుంది. నమోదు, గుర్తింపు కార్డు, శిక్ష పడినవారి ఓటు గురించి ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. వివక్ష చరిత్ర ఉన్న ప్రాంతాలు ఎన్నికల నిబంధనలు మార్చేముందు కేంద్రం అనుమతి తీసుకోవాలన్న 1965 నాటి ఏర్పాటు, 2013లో షెల్బీ కౌంటీ తీర్పుతో ఆచరణలో ఆగిపోయింది. నా దృష్టిలో అది పెద్ద నష్టం.

మనలాంటివాళ్ళం రాజకీయాల్లోకి ఎక్కడ నుంచి దిగాలి?

స్కూల్ బోర్డు, నగర కౌన్సిల్, ప్లానింగ్ కమిషన్. మీ ఆస్తి పన్ను, పిల్లల బడి, వీధిలో కట్టడాలు అక్కడే తేలతాయి. సమావేశాల్లో ఎవరైనా లేచి రెండు మూడు నిమిషాలు మాట్లాడే సమయం సాధారణంగా ఉంటుంది. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ మొదట కౌంటీలో రవాణా ఇంజనీరు, తర్వాత రాష్ట్ర శాసనసభ సభ్యురాలు, 2023లో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. హైదరాబాద్‌లోనే పుట్టిన గజాలా హష్మీ 2025 నవంబరులో వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు.

మా ఊళ్ళో గుడి కట్టుకోవడానికి అనుమతి ఇవ్వడం లేదు. ట్రాఫిక్ అంటున్నారు. ఏం చేయాలి?

1970ల్లో పిట్స్‌బర్గ్ దగ్గర పెన్ హిల్స్‌లో వెంకటేశ్వరస్వామి గుడి కట్టిన తరానికి లేని ఒక ఆయుధం మీకుంది. 2000లో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం, స్థల వినియోగ నిబంధనల పేరుతో స్థానిక ప్రభుత్వం మత ఆచరణపై బలమైన కారణం లేకుండా పెద్ద భారం మోపకూడదు. క్లబ్బుకో, సభా మందిరానికో ఇచ్చే అనుమతి గుడికి నిరాకరించకూడదు. ఇది గుడికి, మసీదుకి, గురుద్వారాకి, చర్చికి ఒకటే. అందుకని పక్క ఊళ్ళో మసీదు దరఖాస్తుకు ఇదే ఇబ్బంది వస్తే ఆ హియరింగుకీ వెళ్ళి మాట్లాడండి, అక్కడ తేలిన సంగతి రేపు మీ గుడికి ఉదాహరణ అవుతుంది.

ట్రాఫిక్, పార్కింగు అభ్యంతరాలు అన్నీ సాకులు కావు. ఒక ట్రాఫిక్ అధ్యయనం చేయించి, పండగ రోజులకు పార్కింగు ఏర్పాటు కాగితం మీద చూపించండి. అదే కమిషన్ గత కొన్నేళ్ళలో చర్చిలకు, క్లబ్బులకు ఏ షరతులతో అనుమతిచ్చిందో ఆ రికార్డులు అడిగి తీసుకోండి, అవి బహిరంగ పత్రాలు. ఇరుగుపొరుగును ముందే పిలిచి మాట్లాడండి. హియరింగులో చెప్పినదంతా రికార్డులోకి ఎక్కేలా రాతపూర్వకంగా కూడా ఇవ్వండి, ఎందుకంటే కోర్టుకు వెళ్తే చూసేది ఆ రికార్డునే. తిరస్కరిస్తే కారణాలు రాతలో ఇవ్వమని అడిగి, అప్పీలు గడువు దాటకముందే స్థల వినియోగ కేసులు చూసే లాయరును పట్టుకోండి. ఈ చట్టం కింద ఫెడరల్ న్యాయశాఖ కూడా కేసు వేయగలదు, దాని పౌరహక్కుల విభాగానికి ఫిర్యాదు పంపడానికి ఖర్చేమీ లేదు.